ఆ తెల్లనిదాని పేరు చలి

1848 మే 11, ఉదయం పది గంటల వేళ. మొంబాసా తీరం దగ్గరి రబాయి నుంచి రెండు వారాలుగా నడిచి వస్తున్న చిన్న బృందం అది. దారి చూపిస్తున్నవాడు బ్వానా ఖేరి అనే స్వాహిలీ మనిషి. సామాను మోసేవాళ్ళు పదిమంది లోపే. వాళ్ళతో గొడుగు పట్టుకుని నడుస్తున్నవాడు యోహానెస్ రెబ్మాన్, జర్మనీ నుంచి వచ్చిన క్రైస్తవ ప్రచారకుడు, ఇరవయ్యెనిమిదేళ్ళవాడు. ఎదురుగా చగ్గా దేశపు కొండలు తేటపడ్డాయి. వాటిలో ఒకదాని నెత్తిమీద తెల్లటి మబ్బులాంటిది ఒకటి ధగధగ మెరుస్తూ కనిపించింది. అదేమిటని రెబ్మాన్ అడిగాడు. బ్వానా ఖేరి ఒక్కటే మాట అన్నాడు: బరిది. అంటే చలి.

ఆ ఒక్క మాటతో రెబ్మాన్‌కు విషయం అర్థమైంది. స్టుట్‌గార్ట్ దగ్గరి గెర్లింగెన్‌లో పుట్టి, ప్రతి శీతకాలం ఊరంతా తెల్లబడడం చూస్తూ పెరిగినవాడికి ఇంకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ రోజు డైరీలో ఆయన ఇదంతా నాలుగైదు వాక్యాల్లో రాసుకున్నాడు. కాసేపు కూర్చుని, తాను రోజూ చదువుకునే వరుసలో ఆ పూటకు వచ్చిన 111వ కీర్తన చదువుకున్నానని కూడా రాశాడు. ఆ డైరీ మరుసటి సంవత్సరం లండన్‌లో చర్చి మిషనరీ సొసైటీ వాళ్ళ పత్రికలో అచ్చయింది. భూమధ్యరేఖకు మూడు డిగ్రీల దక్షిణాన, ఎండలు మండే దేశంలో, మంచు కప్పుకున్న కొండ ఉందని యూరప్‌కు తెలిపిన మొదటి ప్రత్యక్ష సాక్ష్యం అదే. ఆ కొండ కిలిమంజారో.

దీనికి ఎదురు నిలిచిన పుస్తకం 1852లో లండన్‌లోనే వచ్చింది. పేరు ‘ఇన్నర్ ఆఫ్రికా లెయిడ్ ఓపెన్’. రాసినవాడు విలియం డెస్‌బరో కూలీ. ఇంటిపేరు మన భాషలో వేరే అర్థానికి దారి తీస్తుంది కాబట్టి ఆయన్ని డెస్‌బరో అనే పిలుస్తాను. డబ్లిన్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడిన భూగోళ పండితుడు. పాత యాత్రా గ్రంథాలను వెతికి అచ్చువేసే హక్లూట్ సొసైటీ 1846లో పుట్టిందంటే ఆయన చొరవే కారణం. పశ్చిమాఫ్రికా గురించి అరబ్బులు రాసినదాన్ని కూలంకషంగా చదివి 1841లో ఒక పుస్తకం వెలువరించాడు. అది ఈనాటికీ గౌరవంగా చెప్పుకోదగ్గ పని. ఆఫ్రికా నేలమీద మాత్రం ఆయన ఎన్నడూ అడుగుపెట్టలేదు. కిలిమంజారో మీద మంచు లేదన్నాడు. 1883లో చనిపోయేదాకా ఆ మాట మీదే ఉన్నాడు.

ఈ రెండు రచనలనూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు మామూలుగా ఒక్క వాక్యంతో తేల్చేస్తారు: ఒకాయన కళ్ళారా చూశాడు, ఇంకొకాయన గదిలో కూర్చుని కాదన్నాడు. నాకు ఈ తీర్పు చాలదు. రెబ్మాన్ గెలిచింది కంటితో కాదని, చెవితోనని నేను అనుకుంటున్నాను. డెస్‌బరో ఓడింది చూడకపోవడంవల్ల కాదు, వినకపోవడంవల్ల.

ముందు డెస్‌బరోకు న్యాయం చేయాలి. ఉష్ణమండలంలో మంచు అసాధ్యమని ఆనాటి పండితులందరూ నమ్మారని ఇప్పుడు తరచూ చెబుతుంటారు. అది నిజం కాదు. అప్పటికి నూరేళ్ళ కిందటే ఫ్రెంచి శాస్త్రవేత్తలు బుగే, లా కొందమీన్ ఈక్వడార్ వెళ్ళి, భూమధ్యరేఖ పక్కనే ఆండీస్ కొండల మీద ఏడాది పొడుగునా నిలిచే మంచును కొలిచి వచ్చారు. 1802లో జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్ అక్కడి చింబొరాజో కొండ మీద చాలా ఎత్తుదాకా ఎక్కాడు. అక్షాంశం మారేకొద్దీ మంచు గీత ఏ ఎత్తున మొదలవుతుందో ఆయన లెక్కలు కట్టి చూపించాడు. పైకి పోయేకొద్దీ కిలోమీటరుకు దాదాపు ఐదున్నర డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. కింద సముద్రతీరంలో 27 డిగ్రీలున్నా దాదాపు 5,000 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి గాలి సున్నాకు చేరుతుంది. అక్కణ్ణుంచి పైన మబ్బులోంచి రాలేది వానచుక్క కాదు, మంచే. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడా, పక్కకు వాలాడా అన్నదానికన్నా కొండ ఎంత ఎత్తు లేచిందన్నదే ఇక్కడ ముఖ్యం.

కాబట్టి డెస్‌బరో ముందున్న అసలు ప్రశ్న ఇది: తూర్పు ఆఫ్రికాలో అంత ఎత్తు కొండ ఉందా? రెబ్మాన్ దగ్గర కొలత ఏదీ లేదు. కోణం పట్టి చూసే పరికరం లేదు, ఎత్తు లెక్క లేదు, దూరమూ ఉజ్జాయింపే. ఆ డైరీని విమర్శకుడిగా చదివితే నాకూ అది పేలవంగానే కనిపిస్తుంది. ఇంత పెద్ద వార్త చెప్పేచోట నాలుగు వాక్యాలు, వెంటనే ప్రార్థన. భక్తి ఉన్నచోట వర్ణన ఉంటే బాగుండేది. ఆ ఖాళీని డెస్‌బరో పట్టుకున్నాడు, పట్టుకోవడం తప్పు కాదు.

ఆ ఖాళీని ఆయన పూరించిన తీరు తప్పు. కొండను పరీక్షించడం మానేసి మనిషిని పరీక్షించాడు. రెబ్మాన్ చూపు సన్నగిల్లినదన్నాడు. ఆయనకు దొరికింది కళ్ళు ఇచ్చిన సాక్ష్యం కాదు, మనసు ఆనందంతో పోల్చుకున్న ఊహ మాత్రమే అనే అర్థంలో రాశాడు. వాక్యాలు పదునుగా ఉంటాయి. పోర్చుగీసు వ్యాపారుల దారులు, అరబ్బుల వివరాలు, టాలెమీ పటం అన్నీ వరుసగా తెచ్చి నిలబెడతాడు. వచనంగా చూస్తే రెబ్మాన్ డైరీకి పది రెట్లు బిగువు. అన్ని పేజీల పాండిత్యంలోనూ బ్వానా ఖేరి అన్న మాటకు మాత్రం బరువు దక్కలేదు.

ఇక్కడ నాకు తర్కసంగ్రహం గుర్తొస్తుంది. దాన్ని రాసిన అన్నంభట్టు తెలుగువాడని చెబుతారు. తర్కం మొదలుపెట్టే పిల్లలకు అక్కడ చెప్పే ఉదాహరణ కూడా కొండే: కొండ మీద పొగ కనిపించింది కాబట్టి అక్కడ నిప్పు ఉందని ఊహించడం. అది అనుమాన ప్రమాణం. డెస్‌బరో నడిచింది ఆ ఒక్క దారిలోనే. తర్కసంగ్రహం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు చెబుతుంది. చివరిదైన శబ్దం అంటే ఆప్తుడి మాట, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడి మాట. ఉపమానానికి ఇచ్చే ఉదాహరణ ఇంకా దగ్గరగా వస్తుంది. గవయమనే మృగాన్ని ఎరగని ఊరి మనిషికి అడవిలో తిరిగేవాడు అది ఆవులా ఉంటుందని చెబుతాడు. ఆ తర్వాత అడవికి వెళ్ళినప్పుడు ఇతను దాన్ని చూసి పోల్చుకుంటాడు. కిలిమంజారో దగ్గర ఇది తిరగబడి జరిగింది. దారి చూపేవాడికి తెల్లనిది తెలుసు, దానికి పేరు లేదు. అందుకని దాని గుణం చెప్పాడు. వెంట వచ్చినవాడికి పేరు తెలుసు, అది ఇక్కడ ఉంటుందని తెలియదు. ఇద్దరి మధ్య ఆ ఒక్క మాట దాటింది. దూరాన కనిపించిన తెల్లదనం మబ్బు కావచ్చు, సున్నపురాయి కావచ్చు, ఎండకు మెరిసే బండ కావచ్చు. అది చలి అని తెలిశాక ఇక మిగిలింది మంచు ఒక్కటే. రెబ్మాన్ కన్ను అక్కడ తేల్చినది చాలా తక్కువ.

ఆయన అక్కడితో ఆగలేదు కూడా. అదే ఏడాది నవంబరులో మళ్ళీ వెళ్ళి మచామె దాకా పోయాడు, కొండ పాదంలో రాత్రులు గడిపాడు, వెన్నెల్లోనూ ఆ తెల్లదనాన్ని చూశాడు. మొంబాసా గవర్నరు ఆ కొండ నిండా దయ్యాలున్నాయని, ఎక్కినవాళ్ళు తిరిగి రారని ముందే హెచ్చరించాడు. కొండ కింద కాపురమున్న చగ్గా జనం చెప్పినది వేరు. మచామెను ఏలిన వెనకటి రాజు ఒకాయన ఆ తెల్లనిది వెండి కావచ్చని ఆశపడి మనుషుల్ని పంపించాడట. ఒక్కడే తిరిగొచ్చాడు, కాళ్ళూ చేతులూ చలికి చచ్చుబడిపోయి. పైనుంచి తెచ్చుకున్న ఆ తెల్లనిది కిందికి వచ్చేసరికి నీళ్ళు అవుతుందని కూడా వాళ్ళకు తెలుసు. దాన్ని వాళ్ళు కిబో అన్నారు. ఇవాళ పటాల్లో కిలిమంజారో ప్రధాన శిఖరానికి ఉన్న పేరు అదే.

తూర్పు ఆఫ్రికా మంచు గురించి రాసిన వాటిలో నాకు అన్నిటికన్నా విలువైనవి ఈ నాలుగు మాటలే. వెండి ఏమోనన్న ఆశ, కాళ్ళు పోయిన మనిషి, అరచేతిలో నీరైన తెలుపు. ఇది ఒక పరిశోధన. ఊహ కట్టారు, మనుషుల్ని పంపారు, నష్టపోయారు, ఫలితం తెలుసుకున్నారు, పేరు పెట్టారు. ఎవరూ అచ్చువేయలేదు, అంతే తేడా. రెబ్మాన్ గొప్పతనం దాన్ని కనిపెట్టడంలో లేదు, అడిగి రాసుకోవడంలో ఉంది. 1849 డిసెంబరు 3న ఆయన సహచరుడు క్రాఫ్ కిటూయి నుంచి కెన్యా కొండ మంచును చూసినప్పుడూ అదే జరిగింది. అలాంటి కొండ ఒకటుందని ముందుగా చెప్పినవాడు కంబా నాయకుడు కివోయి. కిలిమంజారోను కంబా జనం తెల్లదనపు కొండ అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవారు.

డెస్‌బరో కూడా వినగలడు. 1830లలో జంజిబార్ నుంచి లండన్ వచ్చిన ఒక వ్యాపారిని కూర్చోబెట్టుకుని లోపలి దేశపు దారుల గురించి ఓపిగ్గా అడిగి రాసుకున్నాడు. అందుకే ఆయన మొండితనం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. చెవి లేనివాడైతే వదిలేయవచ్చు. తన సిద్ధాంతానికి సరిపడే మాట వినిపించినప్పుడు విన్నాడు, సరిపడనప్పుడు చెప్పినవాడి కళ్ళను శంకించాడు.

అయితే రెబ్మాన్‌కూ ఒక పెద్ద తప్పు ఉంది, దాన్ని దాచకూడదు. 1850ల మధ్యలో ఆయనా, సహచరుడు ఎర్హార్టూ కలిసి, తీరానికి వచ్చే వ్యాపారుల్ని అడిగి లోపలి దేశపు పటం గీశారు. అందులో ఆఫ్రికా నడిబొడ్డున జలగలా సాగిన ఒకే ఒక్క మహా సరస్సు కనిపిస్తుంది. నిజానికి అక్కడున్నవి మూడు: విక్టోరియా, టాంగన్యీకా, న్యాసా. మూడు దారుల్లో వచ్చిన మనుషులు మూడు సరస్సుల గురించి చెబితే అన్నిటినీ కలిపి ఒకటి చేశారు. ఆ పటం చూసి కలిగిన కుతూహలంతోనే 1857లో ఆంగ్ల అన్వేషకులు బర్టన్, స్పీక్ బయలుదేరారు. సరస్సుల విషయంలో డెస్‌బరో కూడా రెండింటిని కలిపి ఒకటే అని వాదించాడు. అంటే అక్కడ ఇద్దరూ ఒకే గోతిలో పడ్డారు. నేను చెప్పే వినికిడికి ఇది హద్దు గీస్తుంది. కొండ దగ్గర రెబ్మాన్ చెప్పేవాడి పక్కన నిలబడి, ఇద్దరికీ కనిపిస్తున్న వస్తువును చూపించి అడిగాడు. సరస్సుల దగ్గర ఆ వస్తువు ఎదురుగా లేదు. మాట ఒకటే మిగిలింది, దాన్ని ఎలా కుట్టాలన్నది తన చేతిలో పడింది.

మాట గురించి ఇంత పట్టింపు నాకు ఎందుకంటే, ఈ వ్యాసం తెలుగులో రాయడమే ఒక చిక్కు. మనకు మంచు అన్న మాట ఒక్కటే. తెల్లారగట్ల పొలంగట్టు మీద కాళ్ళు తడిపేదీ మంచే, రోడ్డు కనిపించకుండా కమ్మేదీ మంచే, గడ్డి మీద ఉప్పులా పేరుకునేదీ మంచే, హిమాలయాల మీద పడేదీ మంచే. హిమం, తుహినం, నీహారం అంటూ సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి పద్యాల్లో ఉన్నాయి కానీ ఎవరూ వాటితో మాట్లాడరు.

కొన్నేళ్ళ కిందట ఒక జనవరిలో లంబసింగి వెళ్ళాను. అల్లూరి సీతారామరాజు జిల్లా, చింతపల్లి మండలం. సముద్ర మట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తు. ఆంధ్రా కాశ్మీర్ అని పర్యాటకులు పెట్టిన పేరు. తెల్లవారుజామున టీ కొట్టు దగ్గర జనం చేతులు రుద్దుకుంటూ నిలబడ్డారు. పక్కన ఆపిన మోటారు సైకిలు సీటు మీద తెల్లటి పొడి పలుచగా పేరుకుంది. ఆరేడేళ్ళ పిల్లాడు గోటితో గీకి “నాన్నా, స్నో!” అన్నాడు. “స్నో కాదురా, మంచు” అన్నాడు తండ్రి. “మంచంటే స్నోనే కదా?” అన్నాడు పిల్లాడు. తండ్రి దగ్గర జవాబు లేదు. వాడి వేలి చివర ఆ పొడి అప్పటికే నీటిచుక్క అయిపోయింది. వాడు దాన్నే చూస్తున్నాడు.

తెలుగు ప్రకారం ఆ పిల్లాడిదే సరైన లెక్క. వాతావరణ శాస్త్రం ప్రకారం తండ్రిది. సీటు మీద పేరుకున్నది ఆకాశంలోంచి పడినది కాదు. మబ్బులేని, గాలి కదలని రాత్రి నేలా గడ్డీ సీటూ తమ వేడిని వదిలేసుకుని చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడతాయి. సున్నాకు దిగితే వాటిని తాకిన ఆవిరి అక్కడే గడ్డకడుతుంది. హిమపాతం అలా కాదు, మబ్బులో పుట్టి కిందికి రాలుతుంది. ఈ వైపు తూర్పు కనుమల్లో ఎత్తైన శిఖరాలు కూడా 1,700 మీటర్ల లోపే. 5,000 మీటర్ల దగ్గర ఉండే సున్నా గీతకు అవి ఎక్కడా అందవు. ప్రతి చలికాలం పత్రికల్లో లంబసింగిలో మంచు కురిసిందని చదివి స్వెటర్లు సర్దుకుని వెళ్ళేవాళ్ళను ఆ మాటే మోసం చేస్తోంది. ఊరివాళ్ళు పెట్టుకున్న పాత పేరు మాత్రం మోసం చేయదు. లంబసింగిని కొర్రబయలు అంటారు. బయట ఉండిపోతే కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతారని దాని అర్థం చెబుతారు. వాళ్ళూ తెల్లనిదానికి పేరు పెట్టలేదు, అది మనిషిని ఏం చేస్తుందో చెప్పారు. బ్వానా ఖేరి అన్నదీ అటువంటి మాటే.

డెస్‌బరో పుస్తకం వచ్చాక కిలిమంజారో వివాదం ముగియడానికి మరో పదేళ్ళు పట్టింది. 1861లో జర్మన్ బారన్ ఫాన్ డెర్ డెకెన్, భూగర్భ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ థార్న్‌టన్‌తో కలిసి వెళ్ళి కొలతలు తీశాడు. మరుసటి ఏడు ఓటో కెర్‌స్టెన్‌తో 4,000 మీటర్లు దాటి ఎక్కినప్పుడు వాళ్ళ మీదే మంచు కురిసింది. ఎండ దేశపు కొండ మీద మంచు పడుతుందా అన్న ప్రశ్నకు అంతకన్నా సూటి జవాబు ఉండదు. డెస్‌బరో దాన్నీ ఒప్పుకోలేదు. భూమధ్యరేఖ దగ్గర, సరిగ్గా బారన్ ఉన్న రాత్రికే మంచు రావడం ఎంత వాటంగా కుదిరిందో అన్న ధోరణిలో రాశాడు. ఆ వాక్యం చదివితే నాకు కోపం కన్నా జాలి ఎక్కువ వస్తుంది. అంత చదివిన మనిషికి, తన పుస్తకం ఒక్కటి తప్పని ఒప్పుకుంటే మిగతా పనంతా నిలిచి ఉండేది. 1864లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ డెకెన్‌కు బంగారు పతకం ఇచ్చింది. 1871లో చార్లెస్ న్యూ మంచు గీత దాకా ఎక్కి దాన్ని చేత్తో ముట్టుకున్నాడు. 1889 అక్టోబరు 6న హన్స్ మేయర్, లుడ్విగ్ పుర్ట్‌షెలర్ 5,895 మీటర్ల శిఖరం చేరారు.

ఆ శిఖరాన్ని మనవాళ్ళూ ఎక్కారు. తెలంగాణ అమ్మాయి మాలావత్ పూర్ణ 2016లో అక్కడ నిలబడింది. ఆమె చూసిన తెలుపు మేయర్ చూసినంత కాదు. 1912లో కిలిమంజారో మీద సుమారు 12 చదరపు కిలోమీటర్ల మేర మంచుగడ్డలు ఉండేవి. 2011 నాటికి అవి రెండు చదరపు కిలోమీటర్లకు లోపే మిగిలాయి. శిఖరం దగ్గర సగటు ఉష్ణోగ్రత ఇప్పటికీ సున్నాకు దిగువే. కొత్త మంచు ఇప్పటికీ పడుతుంది, కొన్నాళ్ళు ఉండి పోతుంది. వేల ఏళ్ళుగా నిలిచిన గడ్డ తరిగిపోతోంది. పడే మంచుకూ నిలిచే మంచుకూ ఉన్న ఈ తేడా చెప్పడానికి మన మంచు అన్న మాట మళ్ళీ అడ్డం వస్తుంది. డెస్‌బరో కాదన్నది ప్రధానంగా ఏడాది పొడుగునా నిలిచే మంచును. ఆయన పుస్తకాన్ని ఇప్పుడు చదువుతుంటే, ఆయన లేదన్నది ఇవాళ నిజంగానే లేకుండా పోతోందన్న సంగతి గుండెకు గట్టిగా తగులుతుంది.

చూపు సన్నగిల్లినదని డెస్‌బరో ముద్ర వేసిన రెబ్మాన్‌కు చివరి ఏళ్ళలో నిజంగానే చూపు పోయింది. ఒక్కసారి కూడా స్వదేశం వెళ్ళకుండా ఇరవయ్యెనిమిది, ఇరవయ్యొమ్మిదేళ్ళు ఆ తీరాన గడిపి, 1875లో చేయి పట్టుకుని నడిపించే స్థితిలో జర్మనీ తిరిగొచ్చాడు. మరుసటి ఏడు కోర్న్‌టాల్‌లో చనిపోయాడు. 1877లో ఆయన కూర్చిన నిఘంటువు అచ్చయింది. అది న్యాసా సరస్సు వైపు జనం మాట్లాడే భాషది. ఆ దేశం రెబ్మాన్ ఎన్నడూ చూడలేదు. అక్కణ్ణుంచి బానిసగా పట్టుబడి తీరానికి చేరిన ఒక మనిషి కూర్చుని ఒక్కొక్క మాటే చెబుతుంటే, ఈయన విని రాసుకున్నాడు.